జీపాయన

జీపాయన్ని గుర్తుపట్టడానికి పక్కన జీపు ఉండక్కర్లేదు. గోళ్ళు చూస్తే చాలు. పెళ్ళిలో అక్షింతలు వేసే చేతుల్లో ఒక్క చేతి గోళ్ళ కింద మాత్రం నల్లగా గ్రీజు కనిపిస్తుంది. కిరోసిన్ పోసి కడిగినా, సర్ఫుతో రుద్దినా, భార్య నిమ్మచెక్క అందించినా పోని గ్రీజు అది. భోజనాల దగ్గర అందరూ గుత్తివంకాయ గురించి మాట్లాడుకుంటుంటే ఈయన బల్ల కిందకి తల దూర్చి ఇనప కాళ్ళ అతుకులు చూస్తాడు. "రెండు చుక్కలు పెట్టి వదిలేశాడండీ, చుట్టూ తిప్పలేదు" అని బాధపడతాడు. సాంబారు గిన్నె పట్టుకుని నిలబడ్డ కుర్రాడు ఆ మాట తననే అన్నాడేమోనని బెదిరి మరో రెండు గరిటెలు పోసి వెళ్ళిపోతాడు.

ఇలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. మా వనస్థలిపురంలో కాస్త ఎక్కువ. కూతవేటు దూరంలో ఆటోనగర్ ఉండడమే దానికి కారణం అయివుండాలి. మా వీధి జీపాయన బ్యాంకులో అప్పులిచ్చే సీట్లో కూర్చుంటాడు. ఎవరైనా పాత బండిని చూపించి లోను అడిగితే కళ్ళజోడు పైకి జరిపి, "పదేళ్ళు దాటిన ఇనుముకి విలువేముంటుందండీ" అని పంపించేస్తాడు. రెండో శనివారం, నాలుగో శనివారం, ఆదివారాలు మాత్రం అదే మనిషి ముప్ఫై ఏళ్ళు దాటిన ఇనుము కింద వెల్లకిలా పడుకుని ఉంటాడు. పలకరించాలంటే గేటు దగ్గర వంగి పాదాలతో మాట్లాడాలి.

ఆ ఇనుము పేరు మహీంద్రా ఎమ్ఎమ్ 540. ఏదో పల్లెటూళ్ళో చింతచెట్టు కింద కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న దశలో ఈయన కంటపడింది. అమ్మినాయన, "ఇంజను కొంచెం చూసుకోవాలె సారూ" అన్నాడు. ఈయన వెనక్కి వెళ్ళి, ముందుకొచ్చి, వంగి ఛాసిస్‌ని వేలితో తట్టి, కోడిపెట్టని మర్యాదగా పక్కకి దింపి, బేరం కూడా ఆడకుండా డబ్బిచ్చేశాడు. డీసీఎం మీద ఎక్కించి ఇంటికి తెస్తే, భార్య గుమ్మంలోకొచ్చి చూసి, "మిగతాది రేపు వస్తుందాండీ?" అని అడిగింది. మిగతాది రాలేదు. భార్య కారు వీధిలోకీ, జీపు పోర్టికోలోకీ వచ్చాయి. "ఇంకో రెండు వారాలు, అంతే" అన్నాడాయన. ఆ మధ్యనే పుట్టిన వాళ్ళబ్బాయి ఇప్పుడు పానాల సైజులు చూడకుండా చెప్పగలడు.

అసలు ఇంతకాలం ఎందుకు పట్టిందో అర్థం కావాలంటే గోచీ కోసం సంసారం పెట్టిన సన్యాసి కథ గుర్తు తెచ్చుకోవాలి. ఎలుకలు కొరక్కుండా పిల్లి, పిల్లికి పాలకని ఆవు, ఆవుని చూసుకోడానికి పెళ్ళాం. జీపాయన గోచీ పేరు టైర్లు. కంపెనీవాళ్ళు వేసిన టైర్లు సన్నగా ఉంటాయి, బురదలో పనికిరావు అని 31 అంగుళాల టైర్లు తెచ్చాడు. అంతవరకే ఖర్చు అనుకున్నాడు. తిప్పి చూస్తే టైరు వెళ్ళి మడ్‌గార్డుకి రాసుకుంది. అయితే బండి ఎత్తు పెంచాలి. జీపులో కమాన్ పట్టీలు ఇరుసు కింద ఉంటాయి, వాటిని తీసి ఇరుసు పైన కూర్చోబెడితే నాలుగైదు అంగుళాలు లేస్తుంది. లేచింది. లేవగానే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొట్టిదైంది. దాన్ని లేతు దగ్గర పొడిగించుకొస్తే, ఏటవాలు ఎక్కువై చివర ఉండే క్రాస్‌లు పటపటా తెగడం మొదలెట్టాయి. బ్రేకు గొట్టాలు చాల్లేదు. స్టీరింగ్ కడ్డీ కోణం మారిపోయింది కాబట్టి గుంట వస్తే డ్రైవర్ తిప్పక్కర్లేకుండా జీపే తనకి నచ్చిన వైపు తిరిగేది. వెడల్పు టైర్లు తిప్పలేక భుజాలు పట్టేశాయని పాత బొలెరోలోంచి పవర్ స్టీరింగ్ పెట్టించాడు. దాని పంపు తిప్పడానికి ఉన్న ఇంజనుకి ఓపిక చాల్లేదు. అయితే ఇంజను మార్చాలి. ఇంజను మారితే దానికీ గేర్‌బాక్సుకీ మధ్య ఓ బిళ్ళ కోయించాలి, క్లచ్ మారాలి, రేడియేటర్ పెద్దది కావాలి. పెద్ద రేడియేటర్ పట్టాలంటే ముందు జాలీ ముందుకి జరగాలి. జాలీ ముందుకి జరిగిందా, ఆ జీపు ముఖం జీపు ముఖంలా లేదని మనసు ఒప్పుకోక, దాన్ని మళ్ళీ యథాస్థానానికి తెచ్చి ఇంజన్నే వెనక్కి జరపడానికి మొత్తం ఊడబీకాడు.

మూడో ఏట కొత్త టైర్లు పాతబడి పగిలిపోయాయి. మళ్ళీ టైర్లు కొన్నాడు.

ఈ క్రమంలో వీధి వీధంతా కొంత చదువుకుంది. సాయంత్రం మా ఇంట్లో ట్యూబులైటు మిణుకు మిణుకుమంటే, "వెల్డింగ్ మొదలైంది" అంటుంది మా ఆవిడ. మొదట్లో ఈయన ముసుగు పెట్టుకోకుండా ఎండకి పెట్టుకునే నల్ల కళ్ళద్దాలతో వెల్డింగ్ చేసి, రాత్రంతా కళ్ళ మీద బంగాళాదుంప చక్రాలు పెట్టుకుని పడుకున్నాడు. పొద్దున్నే వాళ్ళావిడ ఆ దుంపలు ఏం చెయ్యాలో తెలియక అడిగితే, వేపుడు వద్దని ఆయనే చెప్పాడట. తర్వాత మంచి ముసుగు కొన్నాడు. నిజానికి ఈ సరంజామా ఖర్చులో ఓ చిన్న కొత్త కారు వచ్చేది. ఆ మాట ఎదురుగా అనకూడదు. కొత్త కారు "కొనడం" ఎవడైనా చేస్తాడు అని ఈయన అభిప్రాయం. ఆ మాట అనేటప్పుడు వీధిలో ఉన్న భార్య కారు వైపు చూస్తాడు. భార్య తాళాలు తీసుకుని కూరగాయలకి వెళ్ళిపోతుంది. ఆ కారు వెళ్తుంది కాబట్టే ఇంట్లో కూరగాయలున్నాయి.

రాణిగంజ్‌లో బేరింగుల కొట్లు, పుత్లీబౌలిలో స్పేర్ పార్టుల కొట్లు, ఆటోనగర్‌లో తుక్కు గుట్టలు ఈయన క్షేత్రయాత్ర. కొట్టువాడితో ఈయన మాట్లాడే పద్ధతి వేరు. వస్తువు పేరు చెప్పడు. తువ్వాల్లో చుట్టిన విరిగిన ముక్క తీసి బల్ల మీద పెడతాడు. కొట్టువాడు దాన్ని తిప్పి చూసి, "ఎక్కడిది సార్ ఇది?" అంటాడు. "మీరు చెప్పండి" అంటాడు ఈయన. వీళ్ళిద్దరికీ అంతకంటే ఆనందం లేదు. వెనకాల నిలబడ్డ మామూలు మనిషి వైపర్ బ్లేడు అడుగుదామని వచ్చి గంటసేపు నిలబడాలి.

అంతకంటే పెద్ద క్షేత్రం మండీ డబ్వాలీ. హర్యానా, పంజాబ్ సరిహద్దులో ఉంటుంది. అక్కడ జీపులు కూర్చి అమ్మడం దశాబ్దాలుగా బతుకుతెరువు. జీపాయన సెలవు పెట్టి వెళ్ళి చూసొచ్చాడు. వచ్చాక వారం మాట్లాడలేదు. ఆ తర్వాత, "అవన్నీ పెళ్ళి ఊరేగింపు బండ్లండీ, రంగు, హారన్ తప్ప పస లేదు" అన్నాడు. ఈయన ఏళ్ళ తరబడి చేస్తున్నది వాళ్ళు వారాల్లో చేస్తారన్న సంగతి మాత్రం ఎవరితోనూ అనలేదు.

చరిత్ర అడగండి, చెబుతాడు. అడక్కపోయినా చెబుతాడు. 1940లో అమెరికా సైన్యం ఓ తేలికపాటి బండి కావాలంటే బాంటమ్ అనే చిన్న కంపెనీ ముందుకొచ్చిందట. కార్ల్ ప్రోబ్‌స్ట్ అనే ఇంజనీరు రెండ్రోజుల్లో నక్షాలు గీశాడట. 49 రోజుల్లో బండి తయారుచేసి గడువుకి అరగంట ముందు అప్పగించారట. ఆపైన పెద్ద ఆర్డర్లు విల్లీస్‌కీ ఫోర్డ్‌కీ పోయాయి, పాపం బాంటమ్‌కి ట్రైలర్లు మిగిలాయి అని ఇక్కడ గొంతు కాస్త జీరబోతుంది. 1947లో మహీంద్రావాళ్ళు బొంబాయిలో విల్లీస్ జీపులు కూర్చడం మొదలెట్టడంతో మన దేశ చరిత్ర ఆయన లెక్కలో మొదలవుతుంది. అదే ఏడాది ఇంకోటి కూడా జరిగిందని వాళ్ళబ్బాయి స్కూలు పుస్తకం చూసి గుర్తుచేశాడు. ఓసారి వాళ్ళ మావగారు కాఫీ తాగుతూ శాంతంగా, "49 రోజులన్నావు కదా అల్లుడూ, వాళ్ళ దగ్గర పనివాళ్ళు ఎక్కువమంది ఉండుంటారులే" అన్నారు. అల్లుడి పౌరుషం దెబ్బతిని ఆ రాత్రంతా గ్రైండర్ ఆడింది. మావగారికి తెల్లారగట్ల బస్సుంది.

చట్టం సంగతి ఆయనకి తెలియంది కాదు. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఈయనకి కంఠోపాఠం. తయారీదారు ఇచ్చిన స్వరూపానికి భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణ వచ్చి, అనుమతి లేని ఒక్కో మార్పుకీ అయిదు వేలు జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంది. ముందు బిగించే ఇనప బుల్‌బార్లు అంతకుముందే 2017లో నిషిద్ధమయ్యాయి. ఈ జరిమానా వార్త చదివిన రోజు వాళ్ళావిడ పప్పుడబ్బా మీదున్న పెన్సిలు తీసుకుని పోర్టికోలోకి వెళ్ళి మార్పులు లెక్కపెట్టడం మొదలెట్టింది. కొంతదూరం వచ్చాక, "ఏమండీ, మార్చనిది ఏదైనా ఉందా? అది చెబితే తీసెయ్యడం తేలిక" అంది. ఆయన ఆలోచించి, "నంబరు ప్లేటు" అన్నాడు. ఆ రోజు నుంచి జీపు రోడ్డు మీద నడపనని, లారీ మీద ఎక్కించుకుని కొండ దగ్గర దింపుకుంటానని ఒట్టేశాడు. అంటే, కాళ్ళకి మట్టంటకూడదని పల్లకి ఎక్కించి బురదలో దింపడమన్నమాట.

వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల పక్కన తెలిసినవాళ్ళ పొలం ఉంది. అక్కడ దింపాడు. ఇలాంటివాళ్ళే ఇంకా కొందరొచ్చారు. ఒకరి బండి కింద ఒకరు దూరి చూసుకుని లేచి, మోకాళ్ళు దులుపుకుని, అప్పుడు పేర్లు చెప్పుకున్నారు. వీళ్ళ మాటల్లో మనుషులు తక్కువ, కోణాలెక్కువ. ముందు బంపరు తగలకుండా ఎంత నిటారు గట్టు ఎక్కుతుంది, వెనక ఎంతవరకు దిగుతుంది, మధ్యలో పొట్ట ఎక్కడ తగులుతుంది. ఇంటి దగ్గర కూడా అదే చూపు. మా వీధి చివర స్పీడ్‌బ్రేకర్ని ఈయన టేపు పెట్టి కొలిచాడు.

పొలంలో జీపు ఓ వాగు గట్టు ఎక్కుతూ వెనక చక్రం గాల్లోకి లేపింది. డిఫరెన్షియల్‌కి తాళం లేకపోతే ఇంజను బలమంతా నేలమీదున్న చక్రానికి పోకుండా, ఏ అడ్డూ లేకుండా గాల్లో తిరిగే చక్రానికే పోతుంది. కష్టపడేవాణ్ణి వదిలేసి ఖాళీగా తిరిగేవాడికి జీతమిచ్చే ఈ యంత్రాన్ని కనిపెట్టినవాడు ఏ ఆఫీసులోనో పనిచేసి ఉండాలి. జీపు ఇరుక్కుపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు వెలిగిపోయాయి. ఎందుకంటే ఇరుక్కోకపోతే ఆ రోజు దండగ. వించ్ తీశారు, తాళ్ళు తీశారు, కొక్కేలు తీశారు, ఏ చెట్టుకి కట్టాలన్న దాని మీద రెండు వర్గాలు ఏర్పడ్డాయి. ఆ గొడవ తేలేలోపు చెప్పులు కూడా లేని ఓ కుర్రాడు ట్రాక్టర్ మీద అదే గట్టు దిగి, అదే వాగు దాటి, "గుంజాల్నా సార్?" అని అడిగాడు. ఏకగ్రీవంగా వద్దన్నారు. అతను బండ మీద కూర్చుని పొద్దు గూకేదాకా చూశాడు. ఆ తర్వాత గుంజాడు.

ఒకటి చెప్పాలి. మా వీధిలో బోరు మోటారు ఆగితే, మిక్సీ పొగలు కక్కితే, ముసలాయన వీల్‌చైర్ చక్రం అడ్డంగా తిరిగితే అందరూ వెళ్ళేది ఈయన దగ్గరికే. చెవి పెట్టి విని, "బుష్ అరిగింది" అంటాడు. అది బుష్షే అవుతుంది. బిల్లు అడగడు, విప్పనిస్తే చాలు.

పోయిన దసరాకి జీపు పూర్తయింది. ఆయుధపూజ చేశాడు, గుమ్మడికాయ కొట్టాడు, ఇన్నాళ్ళూ సాయం చేసిన మేస్త్రీకి బట్టలు పెట్టాడు. మేస్త్రీ, "గింక నన్ను మర్చిపోతరేమో సార్" అని కళ్ళు తుడుచుకున్నాడు. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ఆదివారం పొద్దున్న ఏడింటికి లేచి కూర్చున్నాడు. చెయ్యడానికి పనిలేదు. ఫ్రిజ్ తలుపు నాలుగుసార్లు తీసి వేసి చూసి బందు సరిచేశాడు. వంటగదిలోకి వెళ్ళి డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం పేర్చాడు. దోసెలపిండిలో మినప్పప్పు పాలు ఎక్కువైందన్నాడు. కుక్కర్ విజిల్‌కీ విజిల్‌కీ మధ్య వ్యవధి వాచీ చూసి రాసుకున్నాడు. పన్నెండో ఎక్కం తప్పు చెప్పిన కొడుకుని మొదటి ఎక్కం నుంచి చెప్పమన్నాడు. ఇలా మూడు వారాలు గడిచాయి. నాలుగో వారం ఆయన ఉప్మాలో నీళ్ళు కొలవడానికి ఆయిలు పోసే గరాటు కడిగి తెస్తుండగా, వాళ్ళావిడ చీపురు పక్కన పెట్టి మామూలుగా అంది:

"ఏమండీ, నిన్న మీరు జీపు పోర్టికోలో ముందుకీ వెనక్కీ జరిపినప్పుడు ఎడమవైపు కింద ఏదో టక్ టక్‌మని వినిపించిందండీ."

గరాటు అక్కడే వదిలేసి పరుగెత్తాడు. పది నిమిషాల్లో పోర్టికోలో పాదాలు కనిపించాయి. సాయంత్రానికి వెనక చక్రాలు ఊడి, హౌసింగ్ కిందకి దిగి, మేస్త్రీ స్కూటరు గేటు ముందు ఆగి ఉంది. మా ట్యూబులైటు మిణుకుమంది.

మా ఆవిడ ఆవకాయ గిన్నె తిరిగివ్వడానికి వెళితే, జీపాయన భార్య టీవీ సీరియల్ గొంతు తగ్గించి చెప్పిందట:

"ఆ చప్పుడు నేనే కల్పించాను వదినా. ఆయనకి మాత్రం నిజంగానే దొరికిందట!"