పద్దుల కందం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో కోడ్ రాసేవారే గాని కందం రాసేవారు లేరని లోకంలో ఒక అపవాదు ఉంది. ఈ చాటువు దాన్ని కొంత పోగొడుతుంది. కర్త అజ్ఞాతుడు. కాలం మాత్రం పద్యమే చెబుతోంది: 2024 సెప్టెంబరు 9కి ముందు ఇది పుట్టి ఉండదు. ఆ రోజే శేరిలింగంపల్లి ఎమ్మెల్యే అరెకపూడి గాంధీ తెలంగాణ శాసనసభ ప్రజాపద్దుల కమిటీకి, అంటే పీఏసీకి, చైర్మన్ అయ్యారు. హైటెక్ సిటీ, కొండాపూర్, గచ్చిబౌలి ఆయన నియోజకవర్గంలోవే. ఓటర్ల లెక్కన రాష్ట్రంలోకెల్లా పెద్దది. 2023 నాటికే ఏడు లక్షలు దాటింది. అంతమంది పన్ను కట్టేచోట పద్దుల మీద ఒక్క పద్యమైనా పుట్టకపోతే సాహిత్యానికి లోటు.

మూలం

పద్దులు చూచెడి సభకున్
బెద్దగ నెదురింటివాఁడె పేర్మిఁ దగు నటన్
గద్దెకు దగ్గరివాఁడే
దిద్దినచో లెక్క లెవరు తేల్చెద రయ్యా!

ప్రతిపదార్థం

పద్దులు చూచెడి సభకున్ = సర్కారు జమాఖర్చులను తరచి చూసే ప్రజాపద్దుల కమిటీకి;
పెద్దగన్ = చైర్మనుగా;
ఎదురింటివాఁడె = సభలో ఎదుటి బల్లల మీద కూర్చునే ప్రతిపక్షంవాడే (ఎకారం అవధారణార్థకం; మరొకడు పనికిరాడని భావం);
పేర్మిన్ = గౌరవంతో;
అటన్ = ఆ స్థానంలో;
తగున్ = ఒప్పును;
గద్దెకు దగ్గరివాఁడే = అధికారంలో ఉన్నవారికి ఆప్తుడైనవాడే;
దిద్దినచోన్ = సరిచూసినట్లయితే;
లెక్కలు = ఖర్చుల నిజానిజాలను;
ఎవరు తేల్చెదరు = నిగ్గు తేల్చేవారెవరు;
అయ్యా = ఓ స్పీకరు గారూ! (‘ఓ పన్ను కట్టేవాడా’ అని కొందరు. చైర్మనును నియమించేది స్పీకరు, ఖర్చు భరించేది పన్ను కట్టేవాడు గనుక రెండూ పొసగుతాయి.)

తాత్పర్యం

ఖర్చు పెట్టే చేయి, ఖర్చును ప్రశ్నించే నోరు ఒకే మనిషివి కారాదు. అలా అయితే ప్రశ్న పుట్టదు, పుట్టినా గట్టిగా వినపడదు.

విశేషాలు

ఒకటి. ‘పద్దులు చూచెడి’ అన్నచోట చూపు వెనక్కి తిరిగి ఉందని గమనించాలి. బడ్జెట్ సమావేశాల్లో సభ చూసేది పెట్టబోయే ఖర్చు. పీఏసీ చూసేది పెట్టేసిన ఖర్చు. కాగ్ ఆడిటర్లు శాఖల ఖాతాలు తనిఖీ చేసి నివేదిక రాస్తారు. రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం అది గవర్నరుకు చేరి, సభ ముందుకు వస్తుంది. అందులోని పేరాలు కొన్ని ఎంచుకుని పీఏసీ ఆయా శాఖల కార్యదర్శులను పిలిపిస్తుంది. సభ ఎంత మంజూరు చేసింది? ఆ పనికే పెట్టారా? మించి పెడితే ఎవరినడిగి పెట్టారు? మంజూరుకు మించిన ఖర్చుకు 205వ అధికరణం కింద మళ్లీ సభ ఆమోదం తెచ్చుకోవాల్సిందే.

ఈ ప్రశ్నలు హైటెక్ సిటీకి దూరపువి కావు. నెలకు 20 వేలు దాటిన జీతంలోంచి తెలంగాణలో 200 రూపాయల వృత్తి పన్ను కోస్తారు, ఏడాదికి 2,400. రాజ్యాంగం 276వ అధికరణం విధించిన పరిమితి 2,500. 1988లో 60వ సవరణ దాన్ని 250 నుంచి అక్కడికి పెంచింది, ఇప్పటికీ అక్కడే ఉంది. పేస్లిప్పులో అది చిన్న గీత. పెద్ద అంకెలు నేల మీద ఉన్నాయి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో 177 కోట్లు. మొదటిది బీఆర్ఎస్ హయాం, రెండోది కాంగ్రెస్ హయాం. వేలం నాడు టీవీల్లో పండగే. ఆ సొమ్ము ఏ పద్దు కింద కరిగిందో నిదానంగా అడగాల్సిన చోట్లు పీఏసీ గది, దాని తోడబుట్టిన ప్రభుత్వరంగ సంస్థల కమిటీ గది.

రెండు. ‘పెద్దగ నెదురింటివాఁడె’ అన్నది శాసనం కాదు, ఆనవాయితీ. లోక్‌సభ నియమావళి 308వ నిబంధన పీఏసీ చేయాల్సిన పని చెబుతుంది. చైర్మన్ ఏ పక్షంవాడై ఉండాలో చెప్పదు. కేంద్రంలో ఈ కమిటీ 1921లో పుట్టింది. అప్పటి నుంచి దాదాపు మూడు దశాబ్దాలు దానికి అధ్యక్షత వహించింది సాక్షాత్తు ఖజానా చూసే ఆర్థిక సభ్యుడు! 1950తో ఆ ముచ్చట తీరింది, మంత్రులకు కమిటీలో చోటే లేకుండా పోయింది. అయినా మరో పదిహేడేళ్లు కుర్చీ పాలకపక్ష సభ్యుల దగ్గరే ఉంది. 1967లో ప్రతిపక్షంలోని స్వతంత్ర పార్టీ సభ్యుడు మినూ మసానీ దాని మీద కూర్చున్నారు. ఆ పార్టీకి వ్యవస్థాపక అధ్యక్షుడు నిడుబ్రోలు ఎన్.జి. రంగా గనుక, ఈ ఆనవాయితీకి తెలుగువారితో మేనరికం కాకున్నా దూరపు చుట్టరికం ఉంది.

ఐటీ శిష్యులకు ఇక్కడ ఒక దృష్టాంతం. తాను రాసిన కోడ్‌ను తానే రివ్యూ చేసి తానే మెర్జ్ చేసుకోరాదని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నేర్పుతారు. రాసినవాడు దొంగ అని కాదు. తన తప్పు తన కంటికి ఆనదని. మసానీ కుర్చీ ఎక్కడానికి భాష్యం ఇంతకన్నా అక్కరలేదు.

మూడు. ‘గద్దెకు దగ్గరివాఁడే’ అన్న పాదానికి ఉదాహరణలు కొల్లలు. వాటన్నిటినీ ఒకే ప్రభుత్వానికి అంటగట్టడం పండిత లక్షణం కాదు. తెలంగాణ తొలి శాసనసభలో పి. కిష్టారెడ్డి, రాంరెడ్డి వెంకటరెడ్డి, జె. గీతారెడ్డి ఒకరి తర్వాత ఒకరు చైర్మన్లయ్యారు. ముగ్గురూ అప్పటి ప్రతిపక్షం కాంగ్రెస్‌వారే. 2019 జూన్‌లో కాంగ్రెస్ టికెట్ మీద గెలిచిన పంతొమ్మిది మందిలో పన్నెండుగురు టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. ఏడుగురున్న మజ్లిస్ పెద్ద ప్రతిపక్షమై కూర్చుంది. సెప్టెంబరులో అక్బరుద్దీన్ ఒవైసీ పీఏసీ చైర్మన్ అయ్యారు. మజ్లిస్ మా మిత్రపక్షమని కేసీఆర్ బాహాటంగా చెప్పుకునే రోజులవి. ఎదురిల్లు నిజమే, మధ్యన వాకిలి ఒకటే.

ఇక ప్రస్తుత చైర్మన్. గాంధీ 2014లో తెలుగుదేశం, 2018లో టీఆర్ఎస్, 2023లో బీఆర్ఎస్ టికెట్ల మీద గెలిచారు. 2024 జూలైలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సమక్షంలో కాంగ్రెస్‌లో చేరినట్టు పత్రికలు ఫొటోలతో సహా వేశాయి. రెండు నెలలకు పీఏసీ. ఇదేం ప్రతిపక్షమని బీఆర్ఎస్ అడిగింది. రికార్డుల ప్రకారం ఆయన మీ సభ్యుడే కదా అని సర్కారు పక్షం జవాబిచ్చింది. మాట మాట పెరిగి, సెప్టెంబరు 12న గాంధీ అనుచరులతో కొండాపూర్‌లో హుజూరాబాద్ బీఆర్ఎస్ ఎమ్మెల్యే కౌశిక్‌రెడ్డి ఇంటి ముందుకు వెళ్లేదాకా వచ్చింది. పార్టీ మారారన్న పిటిషన్లను మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకరును ఆదేశించింది. డిసెంబరులో స్పీకర్ గడ్డం ప్రసాద్‌కుమార్ గాంధీతో పాటు మరికొందరి మీద ఉన్న పిటిషన్లను కొట్టేశారు. కాబట్టి శాస్త్రరీత్యా ఆయన ఎదురింటివాడే. మనిషి వాకిలి దాటినా డోర్ నంబరు దాటలేదని అన్వయించుకోవాలి.

కృష్ణ అవతలా ఇదే పద్యం చెల్లుతుంది. వైసీపీ నుంచి చైర్మనైన భూమా నాగిరెడ్డి 2016లో తెలుగుదేశంలోకి వెళ్తే, కుర్చీ బుగ్గన రాజేంద్రనాథ్‌కు వచ్చింది. 2019 తర్వాత తెలుగుదేశం నుంచి పయ్యావుల కేశవ్ ఆ పని చూశారు. బుగ్గన 2019లో, పయ్యావుల 2024లో ఆర్థిక మంత్రులయ్యారు. లెక్కలు అడగడం తెలిసినవాడికి లెక్కలు చెప్పే పని అప్పగించడం ఔచిత్యమే. కాని 2024 నవంబరులో పదకొండు మందే మిగిలిన వైసీపీ కమిటీ ఎన్నికను బహిష్కరించగా, కూటమి భాగస్వామి జనసేనకు చెందిన భీమవరం ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులు చైర్మన్ అయ్యారు. ఇక్కడ ఎదురిల్లు ఖాళీ. పక్కింటివాడు వచ్చి కూర్చున్నాడు.

పాఠాంతరం

‘తగు నటన్’ అన్నచోట ‘తగు నటన’ అని చదివే కుర్ర వ్యాఖ్యాతలు ఉన్నారు. ప్రతిపక్షంవాడిలా నటించగలిగితే చాలునని వారి అర్థం. చివరి గురువు పోతుంది గనుక ఛందస్సు దీన్ని ఒప్పుకోదు. రాజకీయం ఒప్పుకుంటోంది.

పూర్వపక్షం

ఆదాయపు పన్ను కొత్త బిల్లును 2025లో 31 మంది లోక్‌సభ సభ్యుల సెలెక్ట్ కమిటీ పరిశీలించింది. చైర్మన్ బైజయంత్ పాండా పాలక బీజేపీవాడు. ఆ కమిటీ జూలై 21న 285 సూచనలతో నివేదిక ఇస్తే, సర్కారు ఆగస్టు 8న పాత బిల్లు వెనక్కి తీసుకుని, 11న కొత్తది తెచ్చింది. లోక్‌సభ ఆ రోజే ఆమోదించింది. ఆర్థిక స్థాయీ సంఘం అధ్యక్షుడు భర్తృహరి మహతాబ్ కూడా (శతక కర్త కాదు, కటక్ ఎంపీ) పాలకపక్షమే. పన్ను వేసేటప్పుడు గద్దెకు దగ్గరివాడు పనికొచ్చినప్పుడు, ఖర్చు చూసేటప్పుడు ఎందుకు పనికిరాడు?

సిద్ధాంతం

బిల్లు ఇంకా చట్టం కాలేదు. దాన్ని దిద్దితే సర్కారుకు పరువు పోదు, పైగా పని తేలికవుతుంది. 285 సూచనలు వచ్చాక బిల్లును మార్చి తేవడం అందుకే సాధ్యమైంది. పెట్టేసిన ఖర్చు అలా కాదు. అది వెనక్కి రాదు. దొరికిన ప్రతి తప్పుకూ ఒక సంతకం, ఒక పేరు ఉంటాయి. ఆ పేరు పైకి చదవడానికి గద్దెతో అవసరం లేనివాడు కావాలి. రేపు మంత్రి పదవి ఆశించేవాడూ, నిన్న కండువా మార్చినవాడూ సజ్జనులే కావచ్చు. పద్యం వారి గుణాన్ని శంకించడం లేదు, వారు కూర్చున్న చోటును శంకిస్తోంది. ఆనవాయితీని రికార్డుల్లో మాత్రమే మిగిల్చితే, కమిటీ కూర్చుంటుంది, టీ వస్తుంది, కార్యదర్శి జవాబు చదువుతాడు, పేరా మూసేస్తారు. నియమం ఏదీ తప్పినట్టు ఉండదు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని జీతం పడిన రోజున పఠించినవాడికి పన్ను తగ్గదు, ఫామ్ 16 త్వరగా రాదు, బయోడైవర్సిటీ జంక్షన్‌లో ట్రాఫిక్ సడలదు. ఎమ్మెల్యే కాలనీకి వచ్చినప్పుడు మాత్రం, మంజీరా నీళ్ల గురించి అడిగాక, పీఏసీ ఈ ఏడాది ఎన్నిసార్లు కూర్చుంది, ఏ పేరాలు తీసుకుంది, శాఖలు ఏం జవాబిచ్చాయి అని మరో మూడు ప్రశ్నలు అడగాలనే బుద్ధి పుడుతుంది. ఇందుకు ప్రతిపక్షంలో ఉండనక్కరలేదు, శేరిలింగంపల్లిలో ఓటుంటే చాలు. ఫ్లాటు గచ్చిబౌలిలో ఉంచి, ఓటు ఊళ్లోనే వదిలేసినవారికి సగం ఫలం.