పాతకాపు

అసాసిన్స్ క్రీడ్ ఆడేవాళ్ళలో పాతకాపుని గుర్తుపట్టడానికి ఒక్క ప్రశ్న చాలు. "కొత్తది ఎలా ఉంది?" అని అడగండి. ఆడనివాడు తెలీదంటాడు. ఆడినవాడు బాగుందనో బాలేదనో అనేసి తన పని చూసుకుంటాడు. పాతకాపు వెంటనే నోరు విప్పడు. కుర్చీలో వెనక్కి వాలతాడు. ఫ్యాను వంక చూస్తాడు. పొడుగాటి నిట్టూర్పొకటి విడిచి, "ఆట బాగానే ఉంది. కానీ అది అసాసిన్స్ క్రీడ్ కాదు" అంటాడు.

డబ్బాలో డిస్కు మీదా, తెర మీదా, బిల్లు మీదా అసాసిన్స్ క్రీడ్ అనే రాసి ఉంటుంది. అయినా కాదు.

ఈ జాతివాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఒకరు చొప్పున ఉంటారు. మా కుటుంబానికి వచ్చిన వాటా మా బామ్మర్ది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మణికొండలో ఫ్లాటు, ఒక భార్య, నెలనెలా వాయిదాలు, వీటన్నిటికంటే పాతదైన ఒక పగ. ఆ పగ ఒక ఫ్రెంచి కంపెనీ మీద.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఆ కంపెనీ, అంటే యూబీసాఫ్ట్ వాళ్ళ మాంట్రియల్ స్టూడియో 2007లో మొదటి ఆటని వదిలింది. ముసుగేసుకున్న హంతకుల సంఘం ఒకటి, లోకాన్ని గుప్పిట్లో పెట్టుకోవాలని చూసే టెంప్లర్లు మరో పక్షం. ఈ కాలపు మనిషిని యానిమస్ అనే యంత్రంలో పడుకోబెడితే వాడి పూర్వీకుల జ్ఞాపకాలు కళ్ళముందు ఆడతాయి. ఆ పూర్వీకుడితో గోపురాలెక్కించి, ఊరంతా కలయజూపించి, కింద ఉన్న గడ్డిబండిలోకి తలకిందులుగా దూకించడం మన వంతు.

మా అత్తయ్యకి ఈ దూకుడు ఒక్కటే తెలుసు. ఏటా వేసవికి తెనాలి నుంచి వచ్చినప్పుడు టీవీ ముందు ఆగి, "ఏరా, ఆ గడ్డివాములో దూకేవాడు ఇంకా బతికే ఉన్నాడా?" అని పరామర్శిస్తుంది. "అంతెత్తు నుంచి గడ్డిలో పడితే ఒళ్ళంతా దురద పుట్టదట్రా?" అనేది ఆవిడ రెండో సందేహం. ఇన్నేళ్ళుగా నేను విన్న విమర్శల్లో ఇంత సూటిగా ఉన్నది మరొకటి లేదు. పాతకాపు దగ్గర దీనికి జవాబు లేదు.

మిగతా అన్నిటికీ ఉంది. మొదటి ఆట 1191 నాటి మూడో క్రూసేడు కథ. డమాస్కస్, ఏకర్, జెరూసలేం నగరాలు. కథానాయకుడు ఆల్టయిర్. సాయుధులైన భటుల్ని గడ్డి కోసినట్టు కోసే ఈ మహావీరుడికి ఈత రాదు. కాలు జారి రేవులో పడ్డాడంటే పోయాడే. "అది ఆల్టయిర్ లోపం కాదు బావా, యానిమస్‌లో లోపం" అని మా వాడు గంభీరంగా సమర్థిస్తాడు. ప్రతి హత్యకీ ముందు అదే బల్ల మీద కూర్చుని అవే గుసగుసలు వినాలి, అవే జేబులు కత్తిరించాలి. అది విసుగు కాదట, సాధనట. ఇదే ఈతరాని మనిషీ ఇవే గుసగుసలూ ఈ ఏడాది ఆటలో వచ్చి ఉంటే యూబీసాఫ్ట్‌కి పిండం పెట్టేసి ఉండేవాడు.

ఆ ఆటలో అక్కడక్కడా దాచిన జెండాలుంటాయి. మొత్తం 420. అంకె చూసైనా అనుమానం రావాల్సింది. మా వాడికి రాలేదు. సెమిస్టర్ పరీక్షల సెలవుల్లో హాస్టల్ గదిలో కూర్చుని అన్నీ ఏరాడు. ఏరినందుకు కంప్యూటరు మీద ఆడినవాడికి దక్కేది సున్న. కత్తి రాదు, డబ్బు రాదు, వీపు తట్టేవాడు ఉండడు. ఈ సంగతి నేను ఎత్తిచూపితే, "అప్పటి ఆటల్లో నిజాయితీ ఉండేది బావా. ఏదో ఇస్తామని ఆశపెట్టేవాళ్ళు కాదు" అన్నాడు.

2009లో రెండో ఆట వచ్చింది. అక్కడితో పాతకాపు గుండె తలుపు మూసుకుపోయింది, లోపల ఎజియో ఆడిటోరె ఉండిపోయాడు. ఫ్లారెన్స్ కుర్రాడు. తండ్రినీ ఇద్దరు తోబుట్టువుల్నీ నడివీధిలో ఉరితీస్తే పగబట్టి బయల్దేరతాడు. లియొనార్డో డా విన్చీ స్నేహితుడు, ఆయుధాలు బాగుచేసి పెడతాడు. వెనిస్ కాలవలూ, పాజీ కుటుంబం కుట్రలూ దాటుకుని చివరికి పోపుతో ముష్టియుద్ధం. బ్రదర్‌హుడ్‌లో రోము, రెవలేషన్స్‌లో ఇస్తాంబుల్. అలా 2011 దాకా మూడు ఆటల్లో ఎజియో కుర్రతనం నుంచి ముసలితనం దాకా నడిచాడు. మనిషి జీవితమంతా చూపించిన ఆటలు అప్పట్లో అరుదు, నిజం. ఆ సంగీతం వింటే నాకే ఒళ్ళు జలదరిస్తుంది, ఆడనివాడిని.

పెళ్ళిచూపుల్లో, మాట్లాడుకోండని ఇద్దర్నీ డాబా మీదికి పంపిస్తే మావాడు అమ్మాయికి చెప్పింది ఈ ఉరి సంగతే. పేర్లు సరిగా వినపడక, ఎవరో వీళ్ళ దగ్గరి బంధువుల ఇంట్లో జరిగిన ఘోరం అనుకుని ఆ పిల్ల "అయ్యో, పాపం!" అంది. ఎజియో కుటుంబం కోసం కంటతడి పెట్టిన మొదటి అమ్మాయి. సంబంధం ఖాయమైపోయింది.

ఇక 2012 నుంచి పాతకాపు సాగించిన తీర్పుల పరంపర చూడండి. మూడో ఆటలో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం, మోహాక్ తల్లికి పుట్టిన కానర్. "వీడి మొహంలో ఎజియో నవ్వేది?" అన్నాడు. అసలు కానర్ మన చేతికి రావడానికే గంటలు పడుతుంది, అప్పటిదాకా అతని తండ్రి హేతమ్‌గా తిరగాలి. "ఇది ఉపోద్ఘాతమా, ఉద్గ్రంథమా?" అని విసుక్కున్నాడు. 2013లో బ్లాక్ ఫ్లాగ్. కరీబియన్ సముద్రం, ఓడ, ఓడవాళ్ళ పాటలు. "సముద్రపు దొంగల ఆటగా ఒప్పుకుంటా. అసాసిన్స్ క్రీడ్‌గా ఒప్పుకోను." ఆ ఒప్పుకోని ఆటలోనే కనిపించిన ప్రతి దీవిలోనూ పెట్టె పెట్టె తెరిచాడు. ఇప్పుడు ఎవరైనా బ్లాక్ ఫ్లాగ్‌ని పల్లెత్తు మాటంటే, "అలాంటిది మళ్ళీ తీయమనండి చూద్దాం" అని కొట్లాటకి వస్తాడు. కానర్ మీదా జాలి పుట్టింది. హేతమ్ అయితే ఆ వంశంలోకెల్లా రత్నమైపోయాడు.

ఇందులో ఒక పద్ధతుంది. వచ్చిన ఏడాది పనికిరానిది, రెండు ఆటలు గడిచేసరికి మెచ్చదగ్గది, నాలుగు గడిస్తే కళాఖండం. తను మొదట తిట్టిన మాట పాతకాపుకి గుర్తుండదు. గుర్తుచేస్తే నొచ్చుకుంటాడు. మాయాబజార్ తర్వాత సినిమాలే లేవనే పెద్దమనిషి ప్రతి శుక్రవారం మొదటాట టిక్కెట్టు కోసం లైన్లో నిలబడితే ఎలా ఉంటుందో, మావాడి వ్యవహారం అచ్చం అలాగే ఉంటుంది.

ఈ పద్ధతికి సరైన ఉదాహరణ 2014 నాటి యూనిటీ. ఫ్రెంచి విప్లవం, ప్యారిస్. తొందరపడి వదిలారేమో, కొందరు మనుషుల ముఖాలకి చర్మం లేదు. గాల్లో రెండు కళ్ళూ, ఒక పళ్ళ వరసా తేలుతుండేవి. కంపెనీ క్షమాపణ చెప్పి, తర్వాతి అదనపు కథని అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఆ చర్మం లేని ముఖం బొమ్మని మా వాడు ఆర్నెల్లు ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాడు, పగ చల్లారకుండా. ఫోన్ మోగినప్పుడల్లా అత్తయ్య దండం పెట్టుకునేది.

2019 ఏప్రిల్లో ప్యారిస్‌లో నోత్రదాం చర్చి తగలబడింది. యూబీసాఫ్ట్ పునర్నిర్మాణానికి 5 లక్షల యూరోలు విరాళం ప్రకటించి, యూనిటీని వారంపాటు ఉచితంగా ఇచ్చింది. తిట్టిన నోళ్ళే ఒక్కసారిగా పొగడ్తలు మొదలెట్టాయి. మావాడు ఆ వారం రోజులూ ఆ గోపురం మీదే కాపురం పెట్టాడు. "ఎక్కడం, దూకడం ఇంత అందంగా ఉన్న ఆట ఇంకోటి లేదు బావా. అప్పుడు జనానికి అర్థం కాలేదు" అన్నాడు. జనం అంటే తను కాదన్నమాట. ఆ చర్చిని ఈ ఆట చూసే తిరిగి కడుతున్నారని ఆఫీసులో చాటాడు కూడా. నిజానికి అంతకు కొన్నేళ్ళ ముందే ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్రకారుడు ఆ కట్టడాన్ని లేజరుతో అంగుళం అంగుళం కొలిచి పెట్టాడు. కట్టేవాళ్ళకి పనికొచ్చిన కొలతలు అవి. పైగా ఆటలో కనిపించే ఆ సూదిమొన శిఖరం విప్లవకాలం నాటిది కానే కాదు, 19వ శతాబ్దంలో పెట్టింది. ఈ సంగతి మాత్రం మావాడికి తెలుసు. తెలిసినా అందులోంచే దూకాడు.

2017లో ఆరిజిన్స్ వచ్చి ఆట తీరే మారిపోయింది. క్లియోపాత్రా కాలపు ఈజిప్టు, ఎంత దూరం నడిచినా తరగని ఇసుక. శత్రువుకి స్థాయిలు పెట్టారు. మనకంటే స్థాయి ఎక్కువైనవాడి గొంతులో రహస్యకత్తి దించినా వాడు మెడ తడుముకుని తిరగబడతాడు. ఇక్కడ నేను పాతకాపు పక్షమే. గొంతులో కత్తి దిగాక స్థాయేమిటి? మరుసటేడు ఒడిస్సీ. క్రీస్తుపూర్వం 431, ఏథెన్సు స్పార్టాల యుద్ధం. సంఘం ఇంకా పుట్టనే లేదు, ముసుగు తప్పనిసరి కాదు, రహస్యకత్తి అసలే లేదు. మా వాడు మూడు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఆ ఆటని ఆ ఇంట్లో హాయిగా ఆడింది మా చెల్లెలు, అంటే ఆయనగారి భార్య. కసాండ్రాగా ఓడెక్కి దీవి దీవి తిరిగింది. కనపడ్డవాణ్ణల్లా కొండ మీంచి కాలితో తన్నింది. "ఎలా ఉందమ్మా?" అంటే, "బాగుందన్నయ్యా, సముద్రం ఎంత నీలంగా ఉందో" అంది. అంతే. సిద్ధాంతం లేదు, నిట్టూర్పు లేదు. పక్కన కూర్చున్న పాతకాపు ముఖం చూడాలి ఆ క్షణంలో!

వల్హల్లా 2020లో వచ్చింది. ఇంగ్లండు మీద వైకింగులు. ముగించడానికి ఒక లాక్‌డౌన్ కావాలి. "ఇంత పొడుగా? చిన్నగా, ఒకే ఊళ్ళో, దొంగచాటుగా చంపే పాత ఆట ఇవ్వలేరా?" అని గోలపెట్టాడు. ఇలాంటి గోలలు చాలానే చేరి ఉంటాయి. 2023లో మిరాజ్ ఇచ్చారు. చిన్నది, ఒకే ఊరు బాగ్దాదు, దొంగచాటు హత్యలు, అచ్చం అడిగినట్టే. మావాడు ముగించి, ఖాళీ తెర వంక చూసి, "ఇంతేనా?" అన్నాడు.

జపాన్ కావాలని ఏళ్ళ తరబడి తపస్సు చేశాడు. 2025 మార్చిలో షాడోస్‌తో వరమిచ్చారు. ఓడా నొబునాగా కాలం, నావోయె అనే నింజా పిల్ల, యాసుకే అనే ఆఫ్రికా యోధుడు. "ఆలస్యమైపోయింది బావా, ఘోస్ట్ ఆఫ్ సుషిమా వాళ్ళు 2020లోనే చేసేశారు" అన్నాడు. యాసుకే నిజంగా సమురాయేనా అని లోకమంతా తగువు పడుతుంటే మావాడూ రెండు నెలలు జపాన్ చరిత్రకారుడి అవతారం ఎత్తాడు. నొబునాగా కొలువులో యాసుకే ఉండటం మాత్రం చరిత్రే. చార్మినార్ ఎప్పుడు కట్టారని అప్పుడే అడిగాను. ఫోన్ తీశాడు.

ఇప్పుడు తపస్సు ఇండియా కోసం. ఇండియా ఇప్పటికే వచ్చింది, 2016లో. అసాసిన్స్ క్రీడ్ క్రానికల్స్ పేరుతో, 1841 నాటి సిక్కు రాజ్యం, అర్బాజ్ మీర్ అనే హంతకుడు, కోహినూరు వేట. పక్కవాటుగా పరిగెత్తే చిన్న ఆట కనుక పాతకాపు లెక్కలోకి రాదు. "మన కొల్లూరు గనుల్లో దొరికిందంటారే, ఆ వజ్రం బావా అది! గోల్కొండ లేకుండా ఎలా తీస్తారు?" అని బాధ. గోల్కొండ కథ తనే సిద్ధం చేశాడు. 1687, ఔరంగజేబు ముట్టడి, ఎన్నాళ్ళకీ లొంగని కోట, చివరికి లోపలివాడే తలుపు తీశాడు. "ఆ తీసినవాడు టెంప్లరే, అందులో అనుమానం లేదు." ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సారులో వినపడుతుందిగా, మరి హంతకుడు చడీచప్పుడు లేకుండా ఎలా ఎక్కుతాడన్నాను. అక్కడే ఆట ఉందన్నాడు. చార్మినార్ మీంచి దూకితే కింద గడ్డిబండి ఎక్కడుంటుందని అత్తయ్య అడిగింది. లాడ్ బజారు పక్కనే కాబట్టి గాజులబండి పెడతారని నేనన్నాను. మా చెల్లెలు నవ్వి చచ్చింది.

నిజంగానే ఆ ఆట వచ్చిందనుకోండి. మా వాడి తీర్పు నాకు ఇప్పుడే తెలుసు. చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్ లేదంటాడు. 1687లో ఇరానీ హోటళ్ళెక్కడివని అడిగితే, వాతావరణం రాలేదంటాడు. ఆట బాగానే ఉంది కానీ అంటాడు. ముందస్తు బుకింగ్ చేసింది మాత్రం అందరికంటే ముందు తనే అయి ఉంటుంది.

మొన్న వాళ్ళ ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు, "అన్నా, నేనూ ఆడదామనుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టమంటావ్?" అని అడిగాట్ట. పాతకాపు మీటింగు గది బుక్ చేసి, బోర్డు మీద వంశవృక్షం గీసి, మొదటి ఆటతో, 420 జెండాలతో మొదలుపెట్టమన్నాడు. ఆ కుర్రాడు ఇప్పుడు క్రికెట్ ఆట ఆడుకుంటున్నాడు.

మీకూ ఆడాలనిపిస్తే రెండో ఆటతో మొదలుపెట్టండి, నచ్చితే బ్లాక్ ఫ్లాగ్‌కి వెళ్ళండి. సముద్రం చూడాలనుకుంటే నేరుగా ఒడిస్సీ కొనుక్కోండి, మా చెల్లెలి పూచీ. మీ ఆఫీసు పాతకాపుకి మాత్రం ముగించేదాకా చెప్పకండి.