రెండు ఎనిమిది సైజు సైలెన్సరు

మా ఆవిడ లెక్క ప్రకారం నాకు ఇష్టమైనది బండి నడపడం కాదు, బండి కింద పడుకోవడం. కాదనడానికి నా దగ్గర సాక్ష్యం లేదు. అపార్ట్‌మెంటు సెల్లారులో పాత చాప, చాప మీద నేను, నా మీద జిప్సీ. ఆదివారం పూట మా ఇంటికెవరైనా వస్తే వాచ్‌మన్ పైకి పంపడు. "సారు కిందే ఉన్నారండీ" అని నా కాళ్ళు చూపిస్తాడు.

జిప్సీ మన దేశంలోకి వచ్చింది 1985లో. తరవాత దానికి 1298 సీసీ పెట్రోలు ఇంజను పెట్టారు. నాది ఆ రకం, సెకండ్ హ్యాండు. ముందూ వెనకా కమాను కట్టలు, నాలుగు చక్రాలకీ డ్రైవు. మారేడుమిల్లి వైపు రాళ్ళ దారుల్లో దింపితే ఇంకేమీ అక్కర్లేదనిపిస్తుంది, నడుం తప్ప. వయసు మీద పడి దాని సైలెన్సరు తుప్పుపట్టింది. బుద్ధున్నవాడు అదే సైజు కొత్తది కొని బిగించుకుంటాడు. నేను డిజైను చేస్తానన్నాను.

కారణాలు ఘనంగానే చెప్పాను. గట్టు దిగేటప్పుడు గొట్టం చివర రాళ్ళకి తగులుతోంది, దాన్ని ఛాసిస్ పైకి దాచాలి. వాగులో ఇంజను ఆగిందంటే మునిగిన గొట్టంలోకి నీళ్ళు ఎక్కుతాయి, అందుకని చివర ఎత్తులో ఉండాలి. వెనక యాక్సిల్ కిందకీ మీదకీ ఊగుతుంది కాబట్టి దాని పైన ఖాళీ వదలాలి. ఇవన్నీ నిజాలే. కానీ అసలు కోరిక వేరు. నా బండి వీధి మొదట్లో ఉండగానే వస్తున్నది నేనని ఇంట్లో తెలియాలి.

"తెలిస్తే?" అంది మా ఆవిడ.

హారతి పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడమనలేను కదా.

డిజైను ఆఫీసు ఇంట్లోనే పెట్టాను. బాత్‌రూము రిపేరులో మిగిలిన పీవీసీ పైపులు, ఎల్బోలు కలిపి గొట్టం నమూనా కట్టాను. గీతలన్నీ గోడ క్యాలెండరు వెనక గీశాను. ఏకాదశి ఎప్పుడో చూసుకోవాలంటే నీ గొట్టాలు అడ్డమొస్తున్నాయిరా అని అమ్మ గోల. రాత్రి భోజనాల దగ్గర సాంబారులోంచి నాలుగు ములక్కాడ ముక్కలు తీసి కంచంలో పేర్చి మానిఫోల్డ్ పాఠం మొదలుపెట్టాను. సిలిండర్లు పేలే వరస 1-3-4-2. ఒకటో ముక్కని నాలుగోదానితో, రెండోదాన్ని మూడోదానితో జతచేసి, ఆ రెండు జతల్నీ చివర ఒకటి చెయ్యాలి. ఒక సిలిండరు వదిలిన పొగ పోతూ పోతూ వెనక పీడనం తగ్గిస్తుంది, ఆ ఊపు జతలో రెండోదాని పొగని లాగేస్తుంది. రాళ్ళ మీద నెమ్మదిగా పాకే బండికి ఈ అమరికే మంచిది. మా ఆవిడ అంతా విని, నాలుగో సిలిండరు తీసుకుని నమిలేసింది.

ఇక గొట్టం లావు. గాజులున్న ఇంట్లో ఇది చిటికెలో పని. "రెండు నాలుగు" గాజంటే రెండంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే లోపలి అడ్డకొలత రెండుంబావు అంగుళాలు. "రెండు ఎనిమిది" అంటే రెండున్నర. నేను గాజుల స్టాండు ముందేసుకుని, గుండె నిండుగా రెండు ఎనిమిది తీశాను. అది మా అత్తగారు పండక్కొచ్చి మరిచిపోయిన గాజు.

"నాది రెండు నాలుగు. అమ్మ గాజు నేనేసుకుంటే చెయ్యి దించగానే జారిపోతుంది. లోపల చెయ్యెంతో చూడకుండా గాజు కొంటారా ఎవరైనా?" అంది మా ఆవిడ.

ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఒక అధ్యాయమంతా ఉన్న విషయం ఇదే. ఈ ఇంజనుకి ఒకటీ ముప్పావు అంగుళాల గొట్టం సరిపోతుంది. దాన్ని రెండున్నర చేస్తే లోపలి వైశాల్యం రెట్టింపవుతుంది, పొగ వేగం సగానికి పడిపోతుంది. వేగం పోతే లాగే ఊపూ పోతుంది. పెద్ద ఇంజన్ని పందెంలో పరిగెత్తించేవాడి గొట్టం వేరు, ఫస్టు గేరులో బండరాయి ఎక్కాల్సినవాడి గొట్టం వేరు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే, లావు గొట్టమూ, లోపల అడ్డుగోడలు లేని డబ్బా ఒకటీ తెచ్చి, క్లాంపులతో తాత్కాలికంగా బిగించాను.

ఆ సాయంత్రం నా రాక వీధికంతా తెలిసింది. సెల్లారు ర్యాంపు ఎక్కలేక బండి మూలిగింది. ఆ మూలుగుకి మా వంటింటి స్టాండులో స్టీలు కంచాలు వణికాయి, చిన్నది నిద్దట్లోంచి లేచి ఏడుపు లంకించుకుంది. పై ఫ్లాటులో ఉండే రిటైర్డ్ ఫిజిక్సు మాస్టారు దిగొచ్చారు. తిట్టడానికేమో అనుకున్నాను. ఆయన చేతిలో కాగితం, పెన్నూ ఉన్నాయి. ఇంతకన్నా తిట్టినా బాగుండేది.

"ఇప్పుడు ఎంత ఆర్‌పీఎమ్ మీద ఉందయ్యా?"

"రెండు వేల నాలుగొందలు ఉంటుందండీ."

"అంటే సెకనుకి నలభై చుట్లు. నీ ఇంజను చుట్టుకి రెండుసార్లు పేలుతుంది, ఎనభై హెర్ట్జ్. మా ఆవిడ బీపీ మాత్రల డబ్బా ఆడింది ఆ ఎనభైకే."

విరుగుడు కూడా ఆయనే లెక్కకట్టారు. చివర మూసిన పిల్ల గొట్టం ఒకటి పక్కన అతికితే, అందులోంచి తిరిగొచ్చే అల అసలు అలకి ఎదురుపడి చప్పుడు చంపేస్తుంది. పొడవు అలలో నాలుగో వంతు ఉండాలి. వేడి పొగలో ధ్వని వేగం సెకనుకి దాదాపు 500 మీటర్లు, కాబట్టి గొట్టం మీటరున్నర పైనే. జిప్సీ కింద అంత చోటెక్కడిది? "అయితే న్యూట్రల్లో తోసుకుంటూ లోపలికి రా" అన్నారు మాస్టారు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అన్న సంగతి వెళ్తూ వెళ్తూ చెప్పారు. మోటారు వాహనాల చట్టంలో 190వ సెక్షను కింద మొదటి తప్పుకి పది వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సుకి మూడు నెలలు సెలవు అన్నది మా ఆవిడ ఫోనులో చూసి చెప్పింది. జైలు దగ్గర ఆమె గొంతు కొంచెం ఉత్సాహంగా వినిపించింది.

అన్నట్టు, తుపాకీకి సైలెన్సరు కనిపెట్టి 1909లో పేటెంటు తీసుకున్నాయన హైరమ్ పెర్సీ మాగ్జిమ్. ఇంజన్ల మోత తగ్గించే పనీ ఆయన చేశాడు. ఆయన తండ్రి మెషిన్ గన్ కనిపెట్టినవాడు. ఆ ఇంట్లో పిల్లవాణ్ణి నిద్దట్లోంచి ఎన్నిసార్లు లేపి ఉంటాడో ఆ తండ్రి.

చివరికి ఆటోనగర్‌లో మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. క్యాలెండరు తిరగేసి చూసి, "పౌర్ణమి బుధవారం వచ్చింది సార్" అన్నాడు. తరవాత, "పదమూడొందల సీసీకి లారీ గొట్టమేంటి సార్? పికప్ ఎక్కడుంటది? ఒకటీ ముప్పావు వేద్దాం, కన్వర్టరు జోలికి పోవద్దు, కంపెనీ రకం డబ్బాయే పెడదాం" అన్నాడు. ఒకటీ ముప్పావంటే గాజుల భాషలో "ఒకటి పన్నెండు". అది మా చిన్నదాని సైజు. కొలతకని జేబులో వేసుకెళ్ళిన గాజుల్లో అదీ ఉంది, రోల్డుగోల్డుది.

అతని పని చూడాలి. మామూలు మిషను మీద వంచితే మలుపు దగ్గర గొట్టం నొక్కుకుపోతుంది. అందుకని మాండ్రెల్ పెట్టి వంచిన బెండ్లు ముక్కలుగా తెప్పించి, ఆర్గాన్ వెల్డింగుతో అతికాడు. ప్రతి మలుపు మీదా మా చిన్నదాని గాజు జారవిడిచి చూసేవాడు. ఆగకుండా జారితే గుండ్రంగా ఉన్నట్టు. ఎక్కడైనా పట్టిందంటే ఆ ముక్క పక్కన పడేసేవాడు. మొత్తం గట్టిగా అతికెయ్యమన్నాను. నవ్వి ఊరుకున్నాడు. ఎందుకు నవ్వాడో ఇంటికొచ్చి లెక్కేస్తే తెలిసింది. 304 రకం స్టెయిన్‌లెస్ గొట్టం రెండు మీటర్లది నాలుగొందల డిగ్రీలు వేడెక్కితే దాదాపు 14 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పైగా ఇంజను తన రబ్బర్ల మీద అటూ ఇటూ ఊగుతుంది. మధ్యలో వంగే జాయింటూ, పట్టుకోవడానికి రబ్బరు బుష్షులూ లేకపోతే వెల్డింగు పగలక చస్తుందా?

బండి తయారైంది. ర్యాంపు ఇట్టే ఎక్కింది. గొట్టం ఎక్కడా కిందకి దిగదు, వెతికినా కనపడదు. శబ్దం కంపెనీ నుంచి వచ్చిన రోజు ఎంతుందో అంతే. ఇన్నాళ్ళ డిజైనూ, ఖర్చూ కలిపి ఎవరికీ వినిపించని వస్తువు ఒకటి తయారుచేశాను. లిఫ్టులో కనిపించి మాస్టారు, "బండి అమ్మేశావా?" అని అడిగారు.

ఒక్క తేడా మాత్రం ఉంది. ఇంజను ఆన్ చేసి నిలబెడితే కింద ఎక్కడో గలగలమంటుంది. బోల్టు వదులైందనుకుని చాప పరుచుకున్నాను. వెనక డబ్బాకీ ఫ్లాంజీకీ మధ్య, రెండు వైపులా వెల్డింగు అయిపోయిన గొట్టం మీద, వేడికి నల్లబడి మా చిన్నదాని గాజు ఆడుతోంది. తియ్యాలంటే గొట్టం కొయ్యాలి, లేదా గాజు కొయ్యాలి.

చిన్నది రెండింటికీ ఒప్పుకోవడం లేదు. బండికి ఒక్క చేతికే వేశావేం, రెండో చేతికెప్పుడూ అని అడుగుతోంది. మిగిలిన గాజులు మా ఆవిడ బీరువాలో పెట్టి తాళం వేసింది.