పట్టిన గ్రహణం విడవని ఫ్లాయిడ్ సారు

గ్రహణం రోజు శ్రీకాళహస్తిలో రెండు చోట్ల తలుపులు తెరిచే ఉంటాయి. తిరుమలతో సహా చుట్టుపక్కల గుళ్లన్నీ మూసేసినా, రాహుకేతువుల క్షేత్రం కాబట్టి వాయులింగేశ్వరుడి గుడి మాత్రం మూయరు. ఆ వేళకే ప్రత్యేకంగా అభిషేకాలు చేస్తారు. రెండోది పానగల్లో ఫ్లాయిడ్ సారు మిద్దె మీది గది. అక్కడ పట్టు కాలానికి సరిగ్గా పింక్ ఫ్లాయిడ్ వారి 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' మొదలవుతుంది. 1973 మార్చిలో వచ్చిన ఆ ఆల్బమ్ గుండెచప్పుడుతో ఎత్తుకుని, ఆఖరున 'ఎక్లిప్స్' అనే గ్రహణం పాట దాటాక మళ్లీ గుండెచప్పుడులోకే దిగిపోతుంది. "చంద్రుడు మనోడే, గ్రహణమూ మనదే. లండన్లో రికార్డు చేసినారు గానీ, ఇది కాళాస్త్రి ఆల్బమ్ సామీ" అని సారు తేల్చేస్తాడు.

ఇలాంటి మనిషి మన పట్నాల్లో ఊరికొకడైనా తగులుతాడు. ఎనభైల్లో ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో, ఏ సీనియర్ గదిలోనో విన్న ఒక్క కాసెట్‌తో దారి తప్పినవాడు. తర్వాత బ్యాంకు ఉద్యోగం చేశాడు, పెళ్లి చేసుకున్నాడు, వీఆర్‌ఎస్ కూడా తీసుకున్నాడు. ఆ దారి మాత్రం మళ్లీ దొరకలేదు. నుదుట విభూతి, ఒంటి మీద నల్ల టీషర్టు, దాని మీద త్రికోణం. ఎర్ర త్రికోణం చూసి పెరిగిన తరం కదా, ఎదురింటి పెద్దాయన చాలాకాలం ఆయన్ని కుటుంబ నియంత్రణ శాఖ మనిషే అనుకున్నాడు.

సారు సంపదంతా మద్రాసు బర్మా బజారు చలవ. తొంభై నిమిషాల టీడీకే కాసెట్‌లో ఒక్కో పక్కకు నలభై అయిదు నిమిషాలు. ఆనాటి ఎల్పీ రికార్డు ఒక్కోటి నలభై నిమిషాలకు అటూ ఇటూ. అంటే ఒక కాసెట్‌లో రెండు ఆల్బమ్‌లు ఇమిడిపోయేవి. ఈ లెక్క దగ్గరే ఆయన గర్వమంతా ఉంది. జెత్రో టల్ బృందం 1972లో తెచ్చిన 'థిక్ యాజ్ ఎ బ్రిక్' ఆల్బమ్ మొత్తం ఒకటే పాట, నలభై నిమిషాల పైచిలుకు. రికార్డు కొన్నవాళ్లు దాన్ని మధ్యలో తిరగేసుకోక తప్పదు. కాసెట్‌లో ఎక్కించుకున్నవాడికి మాత్రం తెగకుండా సాగిపోతుంది. "ఇంగ్లండోళ్లకు లేని భాగ్యం మనకు దొరికిండాది" అంటాడు. దొంగ కాపీ సంగతి ఎత్తితే మాత్రం చెవి వినపడదు.

జెత్రో టల్ అంటే పాటగాడి పేరు కాదు. విత్తనాలు వరుసగా నాటే గొర్రును పద్దెనిమిదో శతాబ్దం తొలినాళ్లలో ఇంగ్లండులో తయారుచేసిన రైతు. బృందం వాళ్లు ఆ పేరు అరువు తెచ్చుకున్నారు. ఈ ముక్క చెప్పాకే సారు వాళ్ల నాయన ఆ సంగీతానికి మొదటిసారి చెవి ఒగ్గాడు. ఆయన జీవితమంతా వేరుశనగ వేసిన మనిషి. ఒంటికాలి మీద నిలబడి వేణువు ఊదే ఇయాన్ ఆండర్సన్ ఫోటో చూసి, వేణుగోపాలస్వామి అనుకుని సర్దుకున్నాడు కూడా. పది నిమిషాలు విని, "గొర్రు కనిపెట్టినాయన మంచోడే. ఆయన పేరు మీద ఈ అరుపులేందిరా?" అని లేచిపోయాడు.

భార్యను ఒప్పించడానికి సారు ఎంచుకున్న మార్గం భక్తిమార్గం. పరమహంస యోగానంద రాసిన 'ఒక యోగి ఆత్మకథ'లో శాస్త్రాల గురించి ఒక అధోజ్ఞాపిక ఉంది. అది చదివి యెస్ బృందం గాయకుడు జాన్ ఆండర్సన్ ఊగిపోయాడు. శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం లెక్కన నాలుగు పాటలు కట్టించాడు. ఒక్కోటీ ఇరవై నిమిషాల వాటం. అదే 1973 నాటి 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్'. అధోజ్ఞాపిక నుంచి ఎనభై నిమిషాలు పిండటం మన హరికథకులకు కొత్త కాదు గానీ, ఇంగ్లండులో అది పెద్ద రభసే అయింది. కీబోర్డు వాయించే రిక్ వేక్‌మన్‌కు ఆ సంగీతం ఎక్కలేదు. మాంచెస్టర్ కచేరీలో మధ్యలో కూర తెప్పించుకుని వేదిక మీదే తిన్నానని ఆయనే చెప్పుకున్నాడు. కొన్నాళ్లకు బృందమే వదిలేశాడు. సారు ఈ కథంతా కళ్లు మూసుకుని, ఒడిలో పుస్తకం పెట్టుకుని చెప్పాడు. ఇల్లాలు ఓపికగా విని, "ఆ కూర తిన్నాయన ఒక్కడే మనిషి మాదిరి ఉండాడు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

సారుకు అసలు దెబ్బ తగిలింది కలంకారీ దగ్గర. ఊరంతా బట్ట మీద రామాయణం గీసేవాళ్లు ఉండగా తన గోడ బోసిగా ఉండటమేమిటని, 'డార్క్ సైడ్' అట్ట మీది బొమ్మ గీయమని ఒక పనివాడికి పురమాయించాడు. కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఆరేసిన గుడ్డ సిద్ధమైంది. బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టి తీసిన నల్లరంగులో వెదురు కలం ముంచి, ఆ పనివాడు త్రికోణం చక్కగా గీశాడు. ఇటునుంచి తెల్లటి కిరణం వచ్చింది. అటునుంచి రంగులు విడిపోవాలి. అక్కడ కలం ఆగింది.

"సారూ, ఇంద్రధనుస్సుకు ఏడు రంగులు గదా. మీ బొమ్మలో ఆరే ఉండాయే?"

సారు అట్ట తీసుకుని వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా. ఆరే. హిప్నోసిస్ సంస్థ వాళ్లు ఆ అట్ట తయారుచేసినప్పుడు ఇండిగోను, అంటే మన నీలిమందు రంగును, వదిలేశారు. అమెరికాలో 1973 నుంచి 1988 దాకా 741 వారాలు అమ్మకాల జాబితాలో కూర్చున్న ఆల్బమ్ అది. దాని ప్రతి ముద్రణా తన దగ్గరుందని చెప్పుకునే మనిషి, ఆ రంగులు ఎన్నడూ లెక్కపెట్టలేదు. నీలిమందు వాడే కులవృత్తివాడికి మొదటి చూపులోనే తట్టింది. ఆ గుడ్డ ఇప్పుడు ఏడు రంగులతో గోడ మీద ఉంది. అతిథులకు మాత్రం సారు "తప్పు లండనోళ్లది, దిద్దింది మేము" అంటాడు.

ఇక్కడిదాకా చెప్పిందంతా శాంతి పర్వం. యుద్ధమంతా తిరుపతిలో ఉండే బామ్మర్దితో. ఆయనది హార్డ్ రాక్ పక్షం. పాట ఆరేడు నిమిషాలు దాటితే ఆయన దృష్టిలో అది సోమరితనం. డీప్ పర్పుల్ 'మెషిన్ హెడ్' ఆయన వేదం. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుంటే ఎవడో మంటతుపాకీ పేల్చాడు, కేసినో తగలబడింది. అక్కడ రికార్డు చేద్దామని వచ్చిన పర్పుల్ వాళ్లు సరస్సు మీద పొగ చూశారు. చివరికి మూసేసిన గ్రాండ్ హోటల్‌లో, బయట రికార్డింగ్ లారీ నిలిపి పని కానిచ్చారు. "పనంటే అదీ బావా! మీవోళ్లు స్టూడియోలో గడియారాలు మోగించుకుంటా కూర్చున్యారు" అంటాడు బామ్మర్ది. బ్లాక్ సాబత్ టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీలో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకుని, ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకుని గిటార్ వాయించిన కథ ఆయన బ్రహ్మాస్త్రం. దానికి సారు దగ్గర జవాబు లేదు. నిజానికి ఎవరి దగ్గరా ఉండదు.

ఇద్దరూ కలిసే పని ఒకటుంది, పది గొప్ప ఆల్బమ్‌ల జాబితా వేయడం. కింగ్ క్రిమ్సన్ 1969 నాటి తొలి ఆల్బమ్‌ను ఎక్కించి, రష్ '2112'ను దించి, మళ్లీ ఎక్కించి, తెల్లారేదాకా కాగితాలు చించుతారు. పాటలు వినేది తక్కువ. జీవితంలో ఇద్దరూ మాట కలిపింది ఒక్క ఇళయరాజా విషయంలోనే. 1986లో ఆయన త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితమిచ్చిన 'హౌ టు నేమ్ ఇట్'ను పదకొండో స్థానంలో పెట్టారు. జాబితాకు ఉన్నవి పది స్థానాలే.

2025 జూలై 22న సాబత్ గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ పోయాడు. అంతకు పదిహేడు రోజుల ముందే సొంతూరు బర్మింగ్‌హామ్‌లో ఆఖరి కచేరీ పాడాడు. వార్త తెలిసిన పొద్దున సారు తలస్నానం చేసి బయటికొచ్చాడు. తన పక్షం మనిషి కాదు, అయినా చేశాడు. ఎవరు పోయారండీ అని ఇల్లాలు కంగారు పడితే "మనోడే" అన్నాడు. బామ్మర్దికి ఫోన్ చేసి, ఆరోజుకు గొడవ పెట్టుకోలేదు.

ఆయన ఇంటికి వెళ్లేవాళ్లకు ఒక సలహా. 'మెషిన్ హెడ్' వినిపించమని అడిగితే ఆయన నొచ్చుకుంటాడు గానీ, ముప్పై ఏడు నిమిషాల్లో బయటపడతారు. యోగి ఆత్మకథ చేతిలోకి తీసుకుంటే మాత్రం ఇంట్లో చెప్పి వచ్చారో లేదో ముందే చూసుకోండి.