నా పేరు ఓడీ

మందపాటి కాగితం, కింద వైస్ చాన్సలర్ సంతకం, మధ్యలో మా అమ్మాయి పేరు. అదీ నా రూపం. ఒరిజినల్ డిగ్రీ అనే ఓపిక లేక కాలేజీ పిల్లలు నన్ను ఓడీ అంటారు. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, అంటే బీజెడ్‌సీ, చదివి 2018లో పాసైనందుకు పుట్టిన బీఎస్సీ పట్టాను. నాకోసం విడిగా ఫీజు కట్టి, అప్లికేషన్ పెట్టి, నెలల తరబడి ఎదురు చూశారు. ఇంత గిరాకీ ఉంది కదా, నా ఖరీదు బాగానే ఉంటుందనుకున్నాను.

నిజానికి నన్ను కోరి తెచ్చుకునేవాళ్లు తక్కువ. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నరోజు ఇంటిల్లిపాదికీ తెల్లకోటే కళ్లముందు ఆడుతుంది. నీట్ రాస్తారు, సీటు రాదు. లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరతారు, అప్పుడూ రాదు. అగ్రికల్చర్ బీఎస్సీ, వెటర్నరీ కూడా చెయ్యి జారాక బీజెడ్‌సీ గుర్తొస్తుంది. శ్రీకాకుళం జిల్లాలోని మా ఇంట్లోనూ అంతే. "డాక్టరు సీటు రాకపోతే ఏటైపోద్దమ్మా, డిగ్రీ ఒకటి చేతిలో ఉండాల" అన్నాడు మా అమ్మాయి నాన్న.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కాబట్టి చదువు ఉచితమని ఊళ్లో లెక్క. బస్సు చార్జీలు, గది అద్దె, రికార్డు పుస్తకాలు, పరీక్ష ఫీజులు ఆ లెక్కలోకి రావు. మూడేళ్లు సంపాదన లేకపోవడం అసలే రాదు. చివర్లో సర్కారు డబ్బు పడలేదని కాలేజీవాళ్లు టీసీనీ, మార్కుల మెమోలనీ ఆపేశారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ కాలేజీలకు చెప్పింది కూడా ఆ 2018లోనే. మా కాలేజీ గుమాస్తాకు ఆ కబురు అందినట్టు లేదు. వాళ్ల నాన్న వడ్డీకి తెచ్చి కట్టాడు. నా మీద పడ్డ మొదటి అప్పు అది.

మొదటి ఉద్యోగం విశాఖ దగ్గర పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో. ఇంటర్వ్యూలో హెచ్చార్ ఆయన సబ్జెక్టుల వరస చదివి కెమిస్ట్రీ దగ్గర ఆగాడు. ఆయన్ని తప్పు పట్టను. డ్రగ్స్ రూల్సులోనే తయారీని పర్యవేక్షించే సైన్సు గ్రాడ్యుయేటుకు కెమిస్ట్రీ ప్రధాన సబ్జెక్టుగా ఉండాలని రాసి ఉంది. మూడేళ్లు వానపాము, బొద్దింక, ఫెర్న్ ఆకుల బొమ్మలు గీసి గీసి రికార్డులు నింపిన పిల్ల, క్వాలిటీ కంట్రోల్‌లో హెచ్‌పీఎల్‌సీ యంత్రం ముందు నిలబడి మాత్రల్లో మందు ఎంతుందో చూసే పని నేర్చుకుంది. అదీ కంపెనీలో చేరాకే. కాలేజీలో ఆ యంత్రం ఫొటో మాత్రమే చూసింది. కోతలు పోను చేతికి పన్నెండు వేలు.

చేరిన రోజే "ఒరిజినల్స్ ఇవ్వండి" అన్నారు. మధ్యలో మానేయకుండా కట్టుబాటట. గిరవు పెట్టిన పుస్తెల తాడులా నేను ఇనప బీరువాలో పడ్డాను. అక్కడ బీఫార్మసీ పట్టాలకు కాస్త టెక్కు ఎక్కువ. నాకు పక్కనున్న ఇంకో బీజెడ్‌సీతోనే స్నేహం.

మా బ్యాచ్ వాళ్ల కబుర్లు ఆ తర్వాత విన్నాను. ఒకడు మెడికల్ రిప్రజెంటేటివ్ అయ్యాడు. ఇంకొకడు భీమవరంలో ఆక్వా ల్యాబులో వనామీ రొయ్య పిల్లలకు తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో పీసీఆర్ పరీక్ష చేస్తున్నాడు. జువాలజీకి జీతం దొరికింది అక్కడే అనిపిస్తుంది. ఒకమ్మాయి హైదరాబాద్ వెళ్లి అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకుంది. అమెరికా ఆసుపత్రిలో ఎవరికి ఏ జబ్బు చేసిందో, ఏ వైద్యం చేశారో చదివి, బీమా బిల్లు కోసం కోడ్ వెయ్యాలి. 2015 నుంచి అక్కడ వాడుతున్న ఐసీడీ-10 జాబితాలో రోగాల కోడ్‌లే 70 వేల పైమాటే. శరీర నిర్మాణం తెలిసినవాళ్లు కావాలి కాబట్టి మావాళ్లని తీసుకుంటారు. కానీ ఆ అమ్మాయికి జీతం పెరిగింది నావల్ల కాదు. అమెరికా సంస్థ పెట్టే సీపీసీ పరీక్ష పాసయ్యాకే పెరిగింది. నేను గేటు దాకా తీసుకెళ్లగలను, లోపలికి ఇంకో కాగితం తీసుకెళ్లాలి.

ఆ గేటు కూడా అన్నిచోట్లా తెరుచుకోదు. ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు కావాలంటే బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ డిగ్రీల పేర్లు ఆ నిబంధనల్లో ఉన్నాయి. బోటనీ, జువాలజీ పేర్లు లేవు. కాలేజీలో చేరేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

మా అమ్మాయి కంపెనీ మానేసి, నన్ను విడిపించుకుని బీఈడీలో చేరింది. ఇంకో రెండేళ్లు, ఇంకో అప్పు. తర్వాత ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరు. జీతం కంపెనీలో కన్నా తక్కువ. సర్కారు టీచరు పోస్టుల కోసం పెట్టే డీఎస్సీ పరీక్ష 2018 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ జరిగింది 2025లో, 16,347 పోస్టులకు. ఏడేళ్ల బ్యాచ్‌లన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి. టీచరు అర్హత పరీక్ష టెట్ మార్కులు, డీఎస్సీ మార్కులు కలిపి మా అమ్మాయికి స్కూల్ అసిస్టెంట్ బయాలజీ పోస్టు వచ్చింది. 2022 వేతన సవరణ (పీఆర్సీ) ప్రకారం మూలవేతనం 44,570.

నాలో ఒక్క అక్షరం మారలేదు. బీరువాలో నా పక్కన పడుకున్న బీజెడ్‌సీలోనూ ఇవే సబ్జెక్టులు, ఇదే సంతకం. దాని యజమాని ఆ డీఎస్సీలో కొద్దిలో పోగొట్టుకుని ఇప్పటికీ నైట్ షిఫ్టుకే వెళ్తున్నాడు.

మీ ఇంట్లో ఎవరైనా బీజెడ్‌సీలో చేరుతుంటే, మూడేళ్ల ఖర్చే లెక్క వేసుకుని ఊరుకోకండి. తర్వాత చేయించాల్సిన బీఈడీకో, ఎమ్మెస్సీకో, మెడికల్ కోడింగ్ శిక్షణకో కావాల్సిన డబ్బు ఇప్పుడే పక్కన పెట్టండి. ఉద్యోగంలో చేరిన రోజు ఎవరు ఎంత అడిగినా జిరాక్సులే ఇవ్వండి, నన్ను మాత్రం ఇంట్లోనే ఉంచండి.