పట్టాదారు గారి పరువు

ప్రభుత్వ సొమ్ము తీసుకుని సిగ్గుపడే హక్కు అందరికీ ఉండదు. దానికి కాస్త భూమి ఉండాలి.

ఉపాధి హామీ కూలీనే తీసుకోండి. ఆమె పేరు, జాబ్ కార్డు నంబరు, ఎన్ని రోజులు మట్టి మోసింది, ఎంత కూలి పడింది, అన్నీ ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. అదీ చాలదని 2023 జనవరి నుంచి పని దగ్గర రోజుకు రెండు పూటలా ఫొటో దిగమన్నారు. సామాజిక తనిఖీలో మస్టరు చదివి, ఫలానా ఆమె నిజంగా పనికొచ్చిందా అని ఊరిముందే అడుగుతారు. మంచిదే, ప్రజల డబ్బు కదా! ఈ తనిఖీలో దేశానికి దారి చూపింది మన ఉమ్మడి రాష్ట్రమే.

ఇక పట్టాదారు గారి దగ్గరికి రండి. చెప్పులు బయటే విడవండి.

తెలంగాణలో 2018 మేలో రైతుబంధు మొదలైంది. ఎకరాకు సీజనుకు 4,000 రూపాయలు, మరుసటి ఏడాది నుంచి 5,000. ఎన్ని ఎకరాలైనా సరే, పరిమితి లేదు. రెండెకరాల రైతుకు ఏడాదికి 20,000 వస్తే, యాభై ఎకరాల దొరగారికి 5 లక్షలు. పేరేమో పంట పెట్టుబడి. పంట వేశారా అని అడగడం మాత్రం మర్యాద కాదు. గుట్టలకూ వచ్చింది, వెంచర్లలో పాతిన హద్దురాళ్లకూ వచ్చింది. పాపం, రాళ్లకు మాత్రం పెట్టుబడి అక్కర్లేదా? అవి మొలిస్తేనే కదా ప్లాట్లయ్యేది!

కౌలు రైతుకు మాత్రం రాలేదు. విత్తనం, ఎరువు, అప్పు, వడ్డీ అన్నీ ఆయనవే. పాస్‌బుక్ ఒక్కటే ఆయనది కాదు. కౌలు రైతుకూ ఇస్తామని 2023 ఎన్నికల్లో మాటిచ్చారు. 2025 జనవరిలో రైతు భరోసా పేరుతో ఏడాదికి ఎకరాకు 12,000 అన్నారు, సాగుకు పనికిరాని భూములను తీసేస్తామన్నారు. సంతోషం. కౌలు రైతు మళ్లీ గట్టు మీదే నిలబడ్డాడు.

పోనీ, ఎవరికెంత ముట్టిందో చెప్పండి. ఇన్ని లక్షల మందికి ఇన్ని వేల కోట్లంటూ పేపర్లో నిండు పేజీ ప్రకటన వస్తుంది. అందులో పెద్ద ఫొటో కూడా ఉంటుంది, డబ్బు తీసుకున్నవాళ్లది కాదు. పెద్ద మొత్తాలు ఎవరివని అడిగితే, అది వ్యక్తిగత సమాచారమట. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడక్కముందే బయటపెట్టాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్‌లోనే ఉంది. 2023 డేటా రక్షణ చట్టం అదే చట్టంలోని ఎనిమిదో సెక్షన్‌ను సవరించి, కాదనడానికి అధికారులకు మరింత వీలు కల్పించింది.

జాబితా పెడితే రైతు ఆత్మగౌరవం దెబ్బతింటుందని ఒక వాదన. ఏ రైతుది? రెండెకరాలాయన భూమెంతో, అప్పెంతో ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. పీఎం కిసాన్ పేర్లు ఊరివారీగా కనపడుతూనే ఉన్నాయి, ఎవరి తలా తెగిపడలేదు. పైగా 42 లక్షల మంది అనర్హులకు దాదాపు 3,000 కోట్లు వెళ్లాయని 2021లో కేంద్రమే పార్లమెంటుకు చెప్పుకోవలసి వచ్చింది.

అయినా పరువు ముఖ్యమంటారా? సరే, పేర్లు వద్దు. కూలీకి పెట్టిన నియమమే పెడదాం. పట్టాదారు గారు వానాకాలమూ యాసంగీ రోజుకు రెండుసార్లు తన చేలో నిలబడి ఫొటో దిగాలి. చేను ఎటువైపో తెలియకపోతే కౌలు రైతు దారి చూపిస్తాడు. సిగ్నల్ అందక ఫొటో ఎక్కకపోతే ఆ రోజు లెక్కలోకి రాదు.