అయోమయ నివారిణి

మూలం: "అయోనియము రేడియమునకు జనకము."

అవతారిక: విద్వద్గద్వాల అని పేరుపడిన సంస్థానపు గాలి నడిగడ్డలో ఇంకా కొంత మిగిలే ఉంది. ఆ గాలి సోకి, ఆదిశిలా క్షేత్రమైన మల్దకల్‌లో తిమ్మప్పకు ఒక దండం పెట్టుకుని, పై వాక్యానికి వ్యాఖ్య రాయబూనాం. పద్యమైతే బాగుండేది. చేతికి చిక్కింది పాత రసాయన పట్టిక.

ప్రతిపదార్థం: అయోనియము = థోరియం-230; రేడియమునకు = రేడియం-226కు; జనకము = తండ్రి; అగును అని అధ్యాహారం.

టీక: "అయస్సు" అంటే ఇనుము గనుక ఇది లోహవాచకమనీ, "అయోమయము" వంటిదనీ కొందరు అన్వయిస్తారు. ఆ అన్వయమే అయోమయం. ఈ పదార్థానికి ఇనుముతో బీరకాయ పీచు చుట్టరికం కూడా లేదు. 1907లో అమెరికాలోని యేల్‌లో బెర్‌ట్రామ్ బోల్ట్‌వుడ్ అనే రసాయనవేత్త "అయాన్" నుంచి ఈ పేరు కట్టాడు. దీన్నుంచి వెలువడే ఆల్ఫా కణాలు తగిలిన గాలి అయాన్లుగా మారుతుంది, అందుకని.

శంక: రేడియం, పొలోనియం కూడా ఆ పనే చేస్తాయి గదా, పేరుకు అతివ్యాప్తి దోషం పట్టదా?

సమాధానం: బురదలో పుట్టేవి ఎన్నో ఉన్నా పంకజమంటే తామరే. ఇదీ యోగరూఢే. పైగా ఆల్ఫా కిరణాలు విడిచేవాటన్నిటికీ ఉన్న గుణమేనని బోల్ట్‌వుడ్ ముందే ఒప్పుకుని మరీ పేరు పెట్టాడు. మూలకర్త ఇంత నిజాయితీపరుడైతే వ్యాఖ్యాతలు బతికేదెట్లా?

"జనకము" అన్నచోట కొంత ఆగాలి. యురేనియం వంశంలోనే రేడియం పుడుతుందని అప్పటికే అనుమానం. బోల్ట్‌వుడ్ శుద్ధి చేసిన యురేనియాన్ని ముందు పెట్టుకుని ఏడాదికి పైగా కనిపెట్టుకుని ఉన్నాడు. రేడియం జాడ లేదు. పెద్దతరం కనబడుతోంది, బిడ్డ కనబడుతున్నాడు, నడుమ తండ్రే దొరకడం లేదు. ఆ తండ్రి మహా నిదానస్తుడు మరి: అర్ధాయుష్షు సుమారు 75 వేల ఏళ్లు. తుంగభద్ర అవతల, బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో సుమత్రా దీవి టోబా అగ్నిపర్వతపు బూడిద పొర ఉంది. అది పడి దాదాపు 74 వేల ఏళ్లు. ఆనాడు ఎవరైనా పిడికెడు అయోనియం మూటగట్టి దాచి ఉంటే, నేటికి సగం పిడికెడు మిగిలేది. ఏడాది కాపలాకు ఏం లొంగుతుంది!

పదవీభ్రంశం: మొదట దీన్ని కొత్త మూలకమన్నారు. అయితే థోరియంలో కలిసిందంటే విడదీయడం ఎవరి తరమూ కాలేదు. 1885లో డిడీమియాన్ని రెండు మూలకాలుగా చీల్చిన ఔయర్ ఫాన్ వెల్స్‌బాక్ అంతటివాడు కూడా చేతులెత్తేశాడు. వర్ణపటంలో వెతికితే కొత్త గీత ఒక్కటీ రాలేదు. 1913లో సాడీ అనే రసాయనవేత్త, మూలకాల పట్టికలో ఒకే గడిలో వేర్వేరు బరువులవి కూర్చోవచ్చని "ఐసోటోప్" మాట వాడాడు (మాట సూచించింది డాక్టర్ మార్గరెట్ టాడ్). దాంతో అయోనియానికి సొంత గది పోయింది. థోరియం ఇంట్లో 230 నంబరు పడక దక్కింది. సముద్రం అడుగు మట్టికి వయసు కట్టేవాళ్లు మాత్రం "అయోనియం పద్ధతి" అంటూ చాలాకాలం పాతపేరుతోనే పిలిచారు.

మా పక్షపాతం పాత పద్ధతి మీదే. రేడియం-ఎ, రేడియం-బి, రేడియం-సి అన్నప్పుడు ఎవరింటి వాళ్లో, ఎన్నో సంతానమో తెలిసేది. ఇప్పుడు ఆ రేడియం-ఎనే పొలోనియం-218 అంటే కూర్చునే చోటూ, తూగే బరువూ తెలుస్తాయి. కొత్త మనిషి కనబడితే మా ఊళ్లో ముందు అడిగేది బరువు కాదు, "ఎవరి కొడుకువు బిడ్డా?" అని.

దేశాన్వయం: ఇది ఎక్కడో సీమల సంగతని కొట్టెయ్యరాదు. మా చుట్టుపక్కల గ్రానైట్ గుండ్లలోనూ, ఏ గ్రానైట్‌లోనైనా ఉన్నట్టే, టన్నుకు కొద్ది గ్రాముల యురేనియం ఉంటుంది. దాని వెంటే అయోనియం, గ్రాములో లక్షో వంతు లెక్కన. కదలకుండా ఉన్న పాతరాతిలో టన్ను యురేనియం ఉంటే 16 గ్రాముల అయోనియం కూడా ఉన్నట్టు లెక్క. కడప జిల్లా తుమ్మలపల్లెలో ముడిరాయిని సోడా ద్రావణంతో కరిగించి యురేనియం తీసుకుంటారు. అయోనియం దాదాపుగా కరగదు. పెద్దతరం బయటికి వెళ్లిపోతుంది, తండ్రీ బిడ్డలు బురదతో పాటు వ్యర్థాల చెరువులో ఉండిపోతారు. ఇక అక్కడ రేడియం తరగనివ్వకుండా పుట్టిస్తూ ఉండేది అయోనియమే. మా పొరుగు నాగర్‌కర్నూల్ జిల్లాలో, అమ్రాబాద్ అడవిలో యురేనియం వెతుకుతామన్నప్పుడు జనం ఎదురుతిరిగారు. 2019 సెప్టెంబరులో నల్లమలలో తవ్వకాలు వద్దని శాసనసభ తీర్మానించింది. ఆ గొడవలో ఎవరి నోటా అయోనియం పేరు వినలేదు. తవ్వితే అన్ని వేల ఏళ్లు ఆ వ్యర్థాల్లో కాపురముండేది అదే.

తాత్పర్యం: అయోనియం రేడియానికి తండ్రి.

గద్య: ఇది శ్రీమదాదిశిలాక్షేత్ర పరిసర నివాసియు, రసాయన శాస్త్రమున మధ్యస్థ మార్కుల వాడునగు వ్యాఖ్యాతచే రచింపబడిన అయోమయ నివారిణి యందు ప్రథమ పదము. ద్వితీయ పదము "బ్రీవియము". 1913లో ఫాయాన్స్, గోరింగ్ అనువారలు దానికా పేరిడిరి. అర్ధాయుష్షు 70 సెకన్లు. అవతారిక లేకుండ మొదలుపెట్టుచున్నాము.